చౌల్దారీలో కూల్చని సెట్

ముప్పై ఏళ్ళపాటు అండమాన్‌లో సినిమా వాళ్ళకు లొకేషన్లు వెతికిపెట్టాను. కొండ అడిగితే కొండ చూపించాను, గుహ అడిగితే గుహ చూపించాను. మనుషుల్లేని ఇసుకతీరం కావాలంటే ఉన్న మనుషుల్ని కాసేపు పక్కకు పంపి మరీ చూపించాను. నా జన్మలో ఎంత వెతికినా దొరకని లొకేషన్ ఒక్కటే, ఎనిమిదో తరగతి. ఏడు దాటాక ఎటు తిరగాలో తెలియక హాడో జెట్టీ వైపు తిరిగాను. అక్కడ ఓడ దిగే కెమెరా పెట్టెలు మోయడంతో నా ఉద్యోగం మొదలైంది. మోకాళ్ళు రెండూ రాజీనామా ఇచ్చాక ముగిసింది.

ఇప్పుడు చెప్పబోయేది కరోనా సద్దుమణిగి, ఓడలూ విమానాలూ మళ్ళీ నిండుగా వస్తున్న ఏడాది ఫిబ్రవరిలో మొదలైన సంగతి. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక యూనిట్ నన్ను లొకేషన్ మేనేజరుగా వేసుకుంది. ఈ పదవి ఎక్కడుంటుందో తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. పైన డైరెక్టర్. ఆయన కింద ఒక పక్క కెమెరామన్, ఇంకో పక్క ఆర్ట్ డైరెక్టర్. వాళ్ళ కింద ప్రొడక్షన్ మేనేజర్. అతని కింద లొకేషన్ మేనేజర్. స్థలం వెతకడం, స్థలం గల వాళ్ళను ఒప్పించడం, ఆఫీసుల్లో అనుమతులు తేవడం, పని అయ్యాక ఆ స్థలాన్ని ఎలా తీసుకున్నామో అలా తిరిగి అప్పగించడం అతని పని. ఎండ ఎక్కువైతే అతని తప్పు, వాన పడితే అతని తప్పు. సూర్యాస్తమయం బాగా కుదిరితే మాత్రం అది కెమెరామన్ ప్రతిభ.

ఆ సినిమాకు ఆధారం ఒక మాయా నవల. రెండు ఇటుకలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత మందం. అందులో మౌనపురి అనే రాజ్యం ఉంది. దానికి శాపం తగిలి సముద్రం లోపలికి వచ్చి, వచ్చినది వచ్చినట్టే కదలకుండా నిలిచిపోతుంది. అడవి నిలువునా చచ్చిపోతుంది. డెబ్భై ఏళ్ళ రాణి ఒకామె రోజూ ఆ చచ్చిన చెట్లను లెక్కపెట్టుకుంటూ తిరుగుతుంది. నవలలో ఈ వర్ణన ఒక్కటే నలభై పేజీలట.

పాఠకులకు ఒక వృత్తిరహస్యం చెప్పాలి. నవలను సినిమాగా తీసేటప్పుడు ఆ నవలను ఎవరూ చదువుతూ కూర్చోరు. రచయితలు దాన్ని స్క్రిప్టు చేస్తారు. సహాయ దర్శకులు స్క్రిప్టును బ్రేక్‌డౌన్ షీట్ చేస్తారు. ఏ సీను, పగలా రాత్రా, ఎక్కడ, ఏమేం వస్తువులు కావాలి అని గళ్ళు గీసిన కాగితం అది. నలభై పేజీల మౌనపురి నా చేతికి వచ్చేసరికి ఒక గడిలో ఇమిడిపోయింది: "బయట, పగలు, చచ్చిన చెట్లు, కదలని నీళ్ళు." నా చదువుకు అంతే చాలు.

అయినా ఆర్ట్ డైరెక్టర్ చక్రధర్ గారు పద్ధతి గల మనిషి. ఓడలో తెచ్చుకున్న నవల ప్రతి ఒకటి నా చేతిలో పెట్టి, చదివారా అని అడిగారు. ఆఖరి అధ్యాయం ఒక్కటే మిగిలింది సార్ అన్నాను. తనకూ అదే మిగిలిందన్నారాయన. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆ విషయం అక్కడితో ఆపేశాం.

చచ్చిన చెట్లు, కదలని నీళ్ళు అనగానే నాకు చౌల్దారీలో సారమ్మ దీదీ పొలం గుర్తొచ్చింది. మేమిద్దరం పోర్ట్ బ్లెయిర్‌లో ఒకే తెలుగు క్రైస్తవ సంఘంలో ఆరాధనకు వెళ్ళేవాళ్ళం. ఆవిడ ముందు వరసలో కూర్చునేది, నేను తలుపు పక్కన. ఆవిడ తాతలది శ్రీకాకుళం వైపు. సునామీ వచ్చినప్పుడు దక్షిణ అండమాన్‌లో భూమి మనిషి నడుము లోతు కుంగిపోయింది. అలలు వచ్చి పోయాయి గానీ, కుంగిన చోట సముద్రం ఉండిపోయింది. దీదీ వరిపొలం అప్పటి నుంచి ఉప్పునీటి మడుగు. గట్ల మీద ఉన్న కొబ్బరి చెట్లకు తలలు రాలిపోయి మొండేలు మిగిలాయి. వెనక అడవి చెట్లు బెరడు ఊడి, తెల్లగా, ఎముకల్లా నిలబడ్డాయి. కొత్తవాళ్ళు చూస్తే ఎవరో కట్టిన సెట్ అనుకుంటారు.

స్థలం చూడటానికి వెళ్ళడాన్ని మా వాళ్ళు రెక్కీ అంటారు. ఆ రెక్కీలో డైరెక్టర్ గారు కారు దిగి, మడుగు వంక చూసి, రెండు చేతులతో ఫ్రేము కట్టి, దేవుడే ఆర్ట్ డైరెక్టరుగా దిగి చేసిన పని ఇది అన్నారు. చక్రధర్ గారు కాస్త చిన్నబుచ్చుకున్నారు. నేను మాత్రం ఆ మడుగు నేనే తవ్వించినంత గర్వంగా నిలబడ్డాను. ఇది ఎప్పటి నుంచి ఇంత అందంగా ఉందని డైరెక్టర్ గారు అడిగారు. ఆ మాటకు నా వెనక నుంచి జవాబు వచ్చింది.

"క్రిస్మస్ అయిపోయాక సోమారం కోతకి మనుసుల్ని మాటాడుకున్నాం బాబూ. ఆదివారం పొద్దున్న నీలొచ్చినాయి. అప్పట్నుంచీ ఇంతే అందంగా ఉంది."

డైరెక్టర్ గారు చేతులు దించారు. స్థలం యజమాని సారమ్మ గారని నేను పరిచయం చేశాను. ఆయన నమస్కారం పెట్టి, మరి కాస్త మెల్లగా, కెమెరామన్‌తో ఉదయం వెలుగు సంగతి మాట్లాడుకున్నారు.

ఆవిడ స్థలం ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆవిడకు కావలసింది వేరే ఉంది. ఆ మడుగుకు మూడు వైపులా మెరకే. ఒక వైపు రోడ్డు కట్ట, ఇంకో రెండు వైపులా కొండవాలు. నాలుగో వైపున, వాగు తగిలే చోట, ముప్పై అడుగుల మేర పాత గట్టు తెగిపోయింది. పోటు నీళ్ళు లోపలికి వచ్చేది ఆ గండిలోంచే. అక్కడ గట్టు వేసి తూము పెడితే, వానలే ఉప్పు కడుగుతాయి, మళ్ళీ వరి వేసుకోవచ్చు. ఇది ఆవిడ సునామీ తర్వాతి ఏటి నుంచి చెబుతున్నదే. ఒక ఆఫీసుకు వెళితే, నీళ్ళున్నాయి కాబట్టి ఇది పొలం కాదు, సముద్రం వాళ్ళను అడగమన్నారు. సముద్రం వాళ్ళ దగ్గరికి వెళితే, కాగితాల్లో వరిపొలమని ఉంది కాబట్టి పొలం వాళ్ళను అడగమన్నారు. సొంతంగా వేసుకుందామంటే, వాగును ముట్టుకోవడానికి అనుమతి కావాలన్నారు. అనుమతి ఎవరివ్వాలని అడిగితే, అది నిర్ణయించడానికి ఒక ఫైలు తెరిచారు. ఆ ఫైలు దీదీ మనవరాలి కన్నా వయసులో పెద్దది.

సినిమాకు మాత్రం అనుమతి పదిహేను రోజుల్లో వచ్చింది. అది నా గొప్పే, కానీ చెప్పుకోవడానికి నోరు రాలేదు.

నవల పుస్తకం దీదీ చేతికి ఎలా వెళ్ళిందో చెప్పాలి. మా దీవుల్లో తెలుగు చదివే వాళ్ళు తగ్గిపోతున్నారు. పిల్లలు తెలుగులో పోట్లాడుకుంటారు గానీ, పుస్తకం చూపిస్తే హిందీలో పారిపోతారు. దీదీ తరం మాత్రం బైబిలు పుణ్యమా అని చదువుతుంది. ఏటా ఆదికాండం నుంచి ప్రకటన గ్రంథం దాకా వరసగా పూర్తి చేసే మనిషి ఆవిడ. ఆరు వందల పేజీలు ఆవిడకు రెండు వారాల పని. ఇటుకలు మోయలేక నేను ఆ పుస్తకాన్ని వాళ్ళింట్లో పెట్టాను. ఆవిడ వదల్లేదు. రోజూ నన్ను ఆపి తగువు పెట్టుకునేది. నవలలో కొండలు ఏడు కదా, మీరు రెండే చూపిస్తున్నారేమిటి అని అడిగేది. ఏడూ ఫ్రేములో పట్టవు దీదీ అనేవాణ్ణి. రాణి ముసలిది కదా, ఈ పిల్ల ఎవరంది. ముసలి రాణిని ఎవరు చూస్తారు దీదీ అన్నాను. ఆవిడ నన్ను పైకీ కిందకీ చూసింది. మాట్లాడే తాబేలు ఏమైందంటే, దాన్ని తీసేసి ఆ మాటలు ఒక హాస్యనటుడికి ఇచ్చారన్నాను. తాబేలే నయం కద తమ్ముడా అంది.

మార్చిలో షూటింగు మొదలైంది. మొదటి రోజే పెద్ద గండం వచ్చింది. దీన్ని మా భాషలో కంటిన్యుటీ అంటారు. ఒకే సీనులో ఒక షాట్‌కూ ఇంకో షాట్‌కూ మధ్య ఏదీ మారకూడదని అర్థం. అండమాన్ సముద్రం ఈ నియమం ఒప్పుకోదు. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ప్రతి రోజూ ముక్కాలు గంట ఆలస్యంగా. అమావాస్యకూ పౌర్ణమికీ మరీ ఎక్కువ. హీరో ఒక ప్రశ్న అడిగేటప్పుడు నీళ్ళు మోకాళ్ళ వరకు ఉన్నాయి. హీరోయిన్ జవాబు చెప్పేటప్పటికి నడుము దాకా వచ్చాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక తిరిగి వస్తే ఇద్దరూ బురదలో ఉన్నారు. కదలని సముద్రం మీద తీసిన సినిమాలో సముద్రం ఒక్కటే కుదురుగా నటించలేదని ఎడిటింగు వాళ్ళు హైదరాబాదు నుంచి ఫోను చేశారు.

పోటు పట్టిక చూసి షాట్లు వేసుకుందామని నేను చెప్పాను. అలా చేస్తే రోజుకు రెండు గంటలే పని జరుగుతుంది. డైరెక్టర్ గారు సముద్రాన్ని ఆపమన్నారు.

చక్రధర్ గారు పనిమంతుడే. కోటలు కట్టిన మనిషి. గండికి అడ్డంగా రెండు రోజుల్లో గట్టు లేపారు. వెదురు తడికలు, వాటి మీద గోనె, దాని మీద ప్లాస్టర్, ఆ పైన పాచిరంగు. వెయ్యేళ్ళ నాటి రాతి గోడ అంటే నమ్మేలా ఉంది. నేనూ నమ్మాను. దీదీ వచ్చి, గోడను వేలితో తట్టి, ఆ డొల్ల శబ్దం విని, అమావాస్య ఎప్పుడని నన్ను అడిగి వెళ్ళిపోయింది. మూడు రోజుల తర్వాత అమావాస్య పోటుకు ఆ గోడ మొత్తం ఒక్క ముక్కగా లేచి, దాని మీద నిలబెట్టిన రెండు దీపస్తంభాలతో సహా పొలంలోకి తేలుతూ వచ్చింది. సినిమా గోడకు ముందు వైపు మాత్రమే ఉంటుంది. సముద్రం వచ్చేది వెనక వైపు నుంచి.

ఆ రోజు చక్రధర్ గారు తేలిపోయిన దీపస్తంభాలు ఏరించుకునే పనిలో పడ్డారు. నేను దీదీ ఇంటికి వెళ్ళాను. పదిహేడేళ్ళుగా ఆవిడ ఆ గట్టును మనసులో ఎన్నిసార్లు కట్టుకుందో గానీ, కొలతలన్నీ నోటి మీద ఉన్నాయి. కింద బండరాళ్ళు, మధ్యలో జిగట మన్ను తొక్కించి పొరలు పొరలుగా, అడుగున వెడల్పు, పైన మనిషి నడిచేంత. మధ్యలో తూము. ఆ తూముకు బయటి వైపు వేలాడే చెక్క తలుపు. పాటు వచ్చి బయట నీళ్ళు తగ్గితే లోపలి నీళ్ళు తలుపును తోసుకుని పోతాయి. పోటు వస్తే బయటి నీళ్ళే దాన్ని నొక్కి మూసేస్తాయి. షూటింగు ఉన్నన్నాళ్ళు ఆ తలుపుకు మేకు దిగ్గొడితే నీళ్ళు అంగుళం కదలవు.

ఊళ్ళో మనుషులు ముప్పై మంది పది రోజులు పని చేశారు. దీదీ ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చుని మన్ను తొక్కే వాళ్ళను హిందీలోనూ, రాళ్ళు పేర్చే వాళ్ళను తెలుగులోనూ అదిలించింది. చక్రధర్ గారు పైపైన రాతి అచ్చులు, పాచి, పాములు చెక్కిన దిమ్మెలు అతికించారు. ఆయన లోపల మన్ను ఉన్న సెట్ కట్టడం అదే మొదటిసారట. పౌర్ణమి పోటు వచ్చింది. గట్టు నిలిచింది. ఆ తర్వాత మూడు వారాలు మౌనపురి సముద్రం కదలకుండా నటించింది. ఒక మొసలి మాత్రం గట్టు అవతల వాగులో రోజూ వచ్చి, లోపలికి దారి ఏమైందా అని చూసి పోయేది. అది గ్రాఫిక్సా అని హీరో అడిగాడు. కాదని తెలిశాక ఆయన సంభాషణలు సగానికి తగ్గిపోయాయి.

ఏప్రిల్ చివర ప్యాకప్ అయింది. వానలకు ముందే స్థలం అప్పగించాలి. దీన్ని హ్యాండోవర్ అంటారు. అనుమతి కాగితంలో ఒక షరతు ఉంది. షూటింగు కోసం కట్టినవన్నీ తొలగించి, వాగు నీటి దారిని యథాస్థితికి తేవాలి. ముందు తీసిన ఫోటోలూ, తర్వాత తీసిన ఫోటోలూ జత చేసి లొకేషన్ మేనేజర్ సంతకం పెట్టాలి. ముప్పై ఏళ్ళలో నా హ్యాండోవర్ మీద ఒక్క ఎర్ర గీత పడలేదు. చదువు లేని వాడికి ఆస్తి అదే. నేను సంతకం ఎగ్గొడితే తర్వాత వచ్చే ఏ యూనిట్‌కూ ఈ దీవుల్లో అనుమతి అడిగే మొహం నాకు ఉండదు.

అందుకని పలుగూ పారలతో ఆరుగురిని తీసుకుని పొద్దున్నే గట్టు దగ్గరికి వెళ్ళాను. చక్రధర్ గారు తన పాముల దిమ్మెలు ఊడదీయించుకుంటున్నారు. దీదీ గట్టు మధ్యలో, తూము మీద నిలబడి ఉంది. చంకలో నవల. ముందు రోజే నేను ఆవిడకు షరతు సంగతి చెప్పాను. ఏడ్చిందేమో నాకు తెలియదు. ఆ పొద్దున్న మాత్రం కళ్ళు పొడిగా, నిబ్బరంగా ఉన్నాయి, ఆదివారం బడిలో పిల్లలకు పాఠం చెప్పేటప్పటిలా.

"తమ్ముడా, గట్టు తవ్వీస్తే మరి రొండో బాగం ఎక్కడ తీస్తారు?" అంది నాతో. వినిపించింది మాత్రం చక్రధర్ గారికి.

ఏ రెండో భాగమని ఆయన అడిగారు.

"పుస్తకం ఆకర్న రాణి గట్టు కడతాది కద బాబూ. సముద్రం ఎనక్కి పోతాది. సచ్చిన సెట్ల కింద పచ్చగా వరి లేస్తాది. అదే కద కతంతా. మీరు సదవలేదేటి?"

పారలు పట్టుకున్న ఆరుగురూ ఆగారు. చక్రధర్ గారు నా వంక చూశారు. నేను ఆయన వంక చూశాను. ఫిబ్రవరిలో ఇద్దరికీ మిగిలిన ఆఖరి అధ్యాయం ఇప్పుడు మా మధ్య నిలబడి ఉంది. చదివాం, చదివాం, కానీ ఏ పేజీ అన్నారాయన. దీదీ పుస్తకం తెరిచి, ఒక పేజీ మూల మడిచి, అక్కడ వేలు పెట్టి, ఇక్కడి నుంచి కడదాకా చదువుకోండి బాబూ అని ఆయనకు అందించింది. చక్రధర్ గారు చొక్కా జేబు తడుముకుని, కళ్ళజోడు హోటల్లో ఉండిపోయిందన్నారు. కళ్ళజోడు ఆయన నెత్తి మీద ఉంది. పుస్తకం నా వైపు తిరిగింది. నేను ఆ సమయానికి పారల లెక్క చూసుకుంటున్నాను.

రచయితకు ఫోను చేసి అడగవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. ప్రొడక్షన్ మేనేజర్ వద్దన్నాడు. కిందటిసారి చేసినప్పుడు ఆయన తాబేలు గురించి ఒక పూట మాట్లాడాడట. కాబట్టి డైరెక్టర్ గారికి చేశారు. ఆయన గట్టూ వరీ తన మనసులో మొదటి నుంచీ ఉన్నాయనీ, మొదటి భాగాన్ని అక్కడే ఆపాలని ఎప్పుడో అనుకున్నాననీ చెప్పారు. సెట్‌ను ముట్టుకోవద్దన్నారు.

దీనికి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. మళ్ళీ వాడుకునే సెట్‌ను కూల్చకుండా ఉంచితే దాన్ని స్టాండింగ్ సెట్ అంటారు. లొకేషన్ మేనేజర్ ఒక ఉత్తరం రాసి, తర్వాతి షెడ్యూలు బాకీ ఉన్నందున గడువు పెంచమని కోరాలి. ఆఫీసు ఆరు నెలలు పెంచుతుంది. ఆ తర్వాత మళ్ళీ ఉత్తరం. నేను రాశాను. గడువు వచ్చింది. పదిహేడేళ్ళు కదలని ఫైలును దాటుకుని, ఒక పేజీ ఉత్తరంతో సారమ్మ దీదీ పొలానికి గట్టు మిగిలింది. కాగితాల మీద అది పొలమూ కాదు, సముద్రమూ కాదు. మౌనపురి.

యూనిట్ ఓడెక్కిన సాయంత్రం దీదీ తూము తలుపుకు కొట్టిన మేకు పీకేసింది. ఆ ఏడు వానలు ఉప్పును కడిగాయి. గడ్డి తప్ప ఏమీ రాలేదు. రెండో ఏడు ఉప్పుకు తట్టుకునే రకం నారు తెచ్చి నాటింది. సగం చచ్చింది, సగం బతికింది. ఆ సగం గింజ పట్టే వేళకు ఒక కుర్ర ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. చేతిలో నా ఉత్తరాల ఫైలు. తెల్లటి చెట్ల మొండేలు, వాటి కింద పచ్చటి చేను చూసి, ఇదేమిటని హిందీలో అడిగాడు. సెట్ సార్ అన్నాను. ఈ వరి కూడానా అన్నాడు. కథలో ఉంది సార్ అన్నాను. ఒక కంకి తుంచి, నలిపి, గింజ పంటి కింద పెట్టి, అచ్చం అసలుదానిలాగే ఉందన్నాడు. సినిమా వాళ్ళు కదా సార్ అన్నాను. దీదీ నా పక్కన తల వంచుకుని నిలబడింది. ఆఫీసరు ఫైలులో "సెట్ నిర్వహణ సంతృప్తికరం" అని రాసి సంతకం పెట్టాడు.

సినిమా విడుదలైంది. మౌనపురిని తెర మీద చూసి నేను సీటులో ఇటూ అటూ కదిలాను. నీళ్ళు గ్రాఫిక్సు. ఆకాశం గ్రాఫిక్సు. చెట్లు కూడా వెయ్యి చేశారు. అంతమంది పది రోజులు కట్టిన గట్టు, కంప్యూటర్ ముందు కూర్చున్న ఎవరో కుర్రాడి చేతిలో, వజ్రాల వంతెన అయిపోయింది. సముద్రాన్ని నిజంగా ఆపాల్సిన పనే లేదని అప్పుడు తెలిసింది. చివర్లో పచ్చటి వరి మీద "ఇంకా ఉంది" అని అక్షరాలు పడ్డాయి. జనం అప్పటికే లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. రెండో భాగం గురించి ఈ రోజు వరకు ఎవరూ మాట్లాడలేదు. గడువు మాత్రం పెరుగుతూనే ఉంది. నా కుర్చీలోకి వచ్చిన అమ్మాయికి నేను అప్పగించిన మొదటి కాగితం ఆ ఉత్తరం నమూనాయే.

ఉద్యోగం మానేశాక అబర్డీన్ బజార్ పక్కన ఇంట్లో, మోకాళ్ళకు నూనె రాసుకుంటూ కూర్చునే వాడికి చేయడానికి ఏముంటుంది? దీదీ దగ్గరి నుంచి ఆ నవల తెప్పించుకున్నాను. ఒక వానాకాలమంతా పట్టింది. వేలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ, కొన్ని చోట్ల మా ఆవిణ్ణి అడుగుతూ చదివాను. రాణి నాకు నచ్చింది. తాబేలు ఇంకా నచ్చింది. ఆఖరి అధ్యాయానికి వచ్చాను. రాణి చెట్ల లెక్క మరిచిపోతుంది. చివరి చెట్టు కింద కూర్చుంటుంది. సముద్రం ఇంకో జానెడు లేచి మౌనపురిని కప్పేస్తుంది. అంతే. గట్టు లేదు. వరి లేదు. వెనక్కి తిప్పి ముందు నుంచి మళ్ళీ వెతికాను. ఎక్కడా లేవు. ఆ పొద్దున్న దీదీ వేలు పెట్టి చక్రధర్ గారికి అందించిన పేజీ మూల ఇంకా మడతపెట్టే ఉంది. అందులో ఉన్నది తాబేలు తాతముత్తాతల వంశావళి.

మాయా నవలను తెర మీదకు తేవడం ఎలాగని నన్ను ఇప్పుడు కుర్రాళ్ళు అడుగుతుంటారు. నేను నేర్చుకున్నది ఇంతే. స్థలం ఎంత బాగున్నా, అది ఎవరిదో, వాళ్ళకేం కావాలో తెలియకుండా కెమెరా పెట్టకండి. గోడ కడితే వెనక వైపు కూడా కట్టండి. పుస్తకం చదవని చోట చదివినట్టు తల ఊపకండి. ఊపిన తలలన్నిటి తరఫునా, చదివిన మనిషి ఒక్కరే నిర్ణయం తీసుకుంటారు.

ఆ పుస్తకం పట్టుకుని బస్సెక్కి చౌల్దారీ వెళ్ళాను. అది మూడో పంట. దీదీ గట్టు మీద కుర్చీ వేసుకుని కలుపు తీసే వాళ్ళను అదిలిస్తోంది. కుశలాలు అయ్యాక, పుస్తకం ఒళ్ళో పెట్టి, దీదీ, ఇందులో గట్టూ లేదు, వరీ లేదు, సంఘంలో ముందు వరసలో కూర్చునే మనిషివి, ఇంతమందిని మోసం చేశావే అన్నాను. ఆవిడ పుస్తకం తీసుకుని, మడిచిన మూల బొటనవేలితో సాపు చేసి, అప్పుడు చెప్పింది.

"అంతమంది సదువుకున్నోలు కలిసి ఏడు కొండల్ని రొండు సేసీసినారు, ముసిల్దాన్ని పడుసుపిల్లని సేసీసినారు, తాబేలు నోట్లో మాటలు ఎవడికో ఇచ్చీసినారు. నాను ఒక్క గట్టు ఏసుకుంటే తప్పొచ్చిందేటి? నువ్వు ఆ ఎనిమిదో తరగతొకటి సదివుంటే ఆ రోజే పట్టీసుందువు తమ్ముడా. దేవుడి దయ, ఏడు కాడే ఆగిపోనావు."